కోలార్ గుడ్డు, కడప పిట్ట



ఈ నెల మన రఘునాథపల్లి పిల్లలు ఈకలు, ఆకులు, గింజలు సేకరించి క్లాసుకు తెస్తున్నారు. "ప్రతిదానికీ చీటీ ఎందుకు మేడమ్?" అని నన్ను అడిగినట్టే ఇంట్లో మిమ్మల్నీ అడిగే ఉంటారు. జవాబుగా ఒక పిట్టకథ చెప్తాను. నిజంగానే పిట్టల కథ.

కొత్త జాతికి పేరు పెట్టేటప్పుడు శాస్త్రవేత్తలు ఒక నమూనాను ఆధారంగా చూపిస్తారు. దాన్ని టైప్ స్పెసిమెన్ అంటారు. పొలం హద్దు తగాదాలో అసలు దస్తావేజు తీసినట్టు, "ఇది ఏ పిట్ట?" అని అనుమానం వస్తే మ్యూజియంలో ఆ నమూనా దగ్గరికే వెళ్తారు. దాని కాలికి ఒక చీటీ కట్టి ఉంటుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పట్టారో అందులో ఉంటుంది. చీటీ పోతే మిగిలేది దూది కుక్కిన చర్మమే.

లార్జ్ బిల్డ్ రీడ్ వార్బ్లర్ అనే చిన్న పాటల పిట్టనే తీసుకోండి. 1867లో ఎ.ఓ. హ్యూమ్ సట్లెజ్ లోయలో ఒకటి సేకరించారు. 2006లో థాయ్‌లాండ్‌లో ఒకటి వలకు చిక్కేదాకా ఆ జాతికి తెలిసిన ఆధారం అదొక్కటే. డీఎన్ఏ పోల్చి చూస్తే రెండూ ఒకటే జాతి! ఆ తర్వాత బ్రిటన్‌లోని ట్రింగ్ మ్యూజియం సొరుగులు వెతికితే, ఉత్తరప్రదేశ్‌లో 1869లో పట్టిన ఇంకొకటి బయటపడింది. అన్నేళ్లూ అది వేరే పిట్ట పేరుతో పడి ఉంది.

ఇక మన తెలుగువాళ్ల పిట్ట కలివికోడి. ఇది పాటల పిట్ట కాదు, కలివి పొదల మధ్య రాత్రిపూట నేల మీద పరుగెత్తేది. దీన్ని లోకానికి తెలియజేసింది సైన్యంలో డాక్టరుగా పనిచేసిన జెర్డన్, 1848లో శాస్త్రీయ నామం పెట్టింది బ్లైత్. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. పరిశోధకులు అడిగితే పట్టి తెచ్చింది అక్కడి వేటగాడే. ఆ అడవి ఆయనకు తెలిసినంతగా ఏ పుస్తకానికి తెలుసు?

పిట్ట దొరికింది కానీ దాని గుడ్డు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. చివరికి అది స్కాట్లాండ్‌లోని అబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో బయటపడింది. 1917 నాటిది. కోలార్ బంగారు గనుల దగ్గర పనిచేసిన మీటన్ అనే పశువైద్యుడి ద్వారా వచ్చింది. నిజంగా కలివికోడిదేనా? ట్రింగ్‌లో ఉన్న పాత కలివికోడి నమూనా కాలివేలి అడుగు నుంచి చిన్న ముక్క తీశారు. అక్కడైతే నమూనా పాడైనట్టు పైకి కనబడదు. ఆ డీఎన్ఏ గుడ్డు డీఎన్ఏతో సరిపోయింది. ఆ పిట్ట ఒకప్పుడు కడపకు నైరుతిగా, కోలార్ దాకా ఉండేదని చెప్పడానికి ఆ గుడ్డు వెంట మిగిలిన ఊరి పేరే ఆధారం. డీఎన్ఏ పిట్ట ఏదో చెప్తుంది, ఊరు చెప్పదు.

ఆ తర్వాత కలివికోడి మళ్లీ ఏళ్ల తరబడి కనబడలేదు. 2025 ఆగస్టులో కడప జిల్లాలో దాని కూత రికార్డ్ అయింది.

కాబట్టి పిల్లలు ఈక తెచ్చినప్పుడు తేదీ, ఊరు, చోటు (చెరువు గట్టా, చేనా, బడి వెనకా), దొరికినవారి పేరు రాయించండి. మనకు పనికిరాని వివరం అనిపించినా సరే. గుడ్లు, గూళ్లు మాత్రం ముట్టుకోనివ్వకండి, 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. వాటికి ఫోటో, దాని కింద చీటీ చాలు.