ట్రాక్టరు మీటరు ముల్లు కదలకపోతే

 

వరి కోతలు ముగిసి కుప్పలు కళ్లాలకు చేరే రోజులలో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో పాత డీజిలు ట్రాక్టర్లకు తీరిక ఉండదు. కాని వాటిలో కొన్నింటికి ఇంజను వేగం చూపే మీటరు ముల్లు సున్నా దగ్గరే పడి ఉంటుంది. "బండి నడుస్తోంది కదా, ముల్లుతో పనేమిటి?" అని మీరు అడగవచ్చు. పని ఉంది, చెబుతాను వినండి.

నూర్పిడి యంత్రాన్ని తిప్పే పి.టి.ఓ. షాఫ్టు సాధారణంగా నిమిషానికి 540 చుట్లు తిరగాలి. అందుకు ఇంజను ఎంత వేగంతో నడవాలో చాలా మీటర్లపై గుర్తు పెట్టి ఉంటుంది. వేగం తగ్గితే గింజ గడ్డిలోనే ఉండిపోతుంది. వేగం మితిమీరితే గింజ విరుగుతుంది. వరి తరువాత వచ్చే మినుము, పెసలను నూర్చేటప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం. కాయలోని గింజ పప్పుబద్దగా మారితే నష్టపోయేది మీరే.

ఈ మీటరులోనే బండి నడిచిన గంటల లెక్క కూడా ఉంటుంది. ఆ లెక్క ఆగిపోతే ఇంజను ఆయిలు ఎప్పుడు మార్చాలో తెలియదు. అద్దెకు తిప్పే బండి అయితే ఇచ్చినవారికీ, తీసుకున్నవారికీ గంటల దగ్గర మాట తేడా వస్తుంది.

ఇక మీటరు పనిచేసే తీరు చూద్దాం. 1960లో మద్రాసులో ఏర్పడిన టాఫే వారి మాసీ ఫెర్గూసన్ బండ్లు మొదలుకొని, పాత ట్రాక్టర్లలో చాలావాటికి మీటరును తిప్పేది కరెంటు కాదు, కేబులు. తొడుగు లోపల ఒక తీగ ఉంటుంది. దాని ఒక కొన ఇంజను వైపు, రెండో కొన మీటరు వెనుక అమరి ఉంటాయి. ఇంజనుతో పాటు తీగ తిరిగితే ముల్లు లేస్తుంది. కొన్ని బండ్లలో ఈ తీగ డైనమో వెనుక నుండి తిరుగుతుంది. అటువంటి బండికి డైనమో తీసి ఆల్టర్నేటరు పెట్టించితే తీగను తిప్పే ఆధారమే పోతుంది. అప్పుడు ఎన్ని కేబుళ్లు మార్చినా ప్రయోజనం లేదు.

మొదట లక్షణం చూడండి. ముల్లూ, గంటలూ రెండూ ఆగితే కేబులునో, దానిని తిప్పే భాగాన్నో అనుమానించాలి. ముల్లు కదులుతూ గంటలు మాత్రం ఆగితే మీటరు లోపలి పళ్లచక్రం అరిగినట్లు. ముల్లు ఊగిసలాడితే తీగ ఎండిపోయిందనో, కేబులు ఎక్కడో మడత పడిందనో అనుకోవచ్చు. డైనమోతో తిరిగే మీటరు వేగం తక్కువ చూపితే ఫ్యాను బెల్టు వదులైందేమో చూడండి.

తరువాత పరీక్ష. ఇంజను ఆపి, మీటరు వెనుక నట్టు విప్పి కేబులు కొన బయటికి తీయండి. గేరు న్యూట్రలులో ఉంచి, బ్రేకు బిగించి, ఒకరిని సీటులో కూర్చోబెట్టి ఇంజను నెమ్మదిగా నడిపించండి. పంచె కొంగు, తువ్వాలు ఫ్యానుకు దూరంగా ఉండాలి. తీగ కొనను చేతితో పట్టుకోకండి, చూడండి చాలు. కొన చక్కగా తిరిగితే ఇంజను వైపు దోషం లేదు. ఆ కొన నలుపలకలు అరిగి గుండ్రబడకుండా ఉన్నట్లయితే దోషం మీటరులోనిది. కొన తిరగకపోతే ఇంజను ఆపి తీగను లాగండి. సగమే వస్తే తెగినట్లు. మొత్తం వస్తే రెండు కొనలూ చూడండి. అవి బాగుంటే ఇంజను వైపు తిప్పే భాగాన్ని మెకానిక్కుకు చూపించాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. తీగ తెగిందని వెంటనే కొత్తది బిగించకండి. అది ఎందుకు తెగింది? పాత తీగ ముక్కను మీటరులో పెట్టి వేళ్లతో తిప్పి చూడండి. మీటరు బిగుసుకుపోయి ఉంటే కొత్త తీగ కూడా తెగుతుంది, డబ్బు దండుగ. తొడుగు నిండా ఇంజను ఆయిలు ఉంటే కింది సీలు పోయినట్లే. దానిని ముందు మార్చకపోతే ఆయిలు మీటరులోకి ఎక్కుతుంది.

కొత్త కేబులుకు వెళ్లేటప్పుడు పాతదాన్ని దుకాణానికి తీసుకుపోండి. పొడవూ, కొనలూ సరిపోవాలి. తీగకు పలుచగా గ్రీజు పూయండి. మీటరు వైపు నాలుగైదు అంగుళాలు మాత్రం పొడిగా వదలండి. కేబులును సైలెన్సరుకు తగలకుండా, మెలిక లేకుండా నడిపించండి. నట్టును చేతితోనే బిగించండి. పటకారు వేస్తే మరలు చెడతాయి.

మరమ్మతు అయ్యేదాకా బండిలో ఒక పుస్తకం ఉంచి, తేదీ, నడిచిన గంటలు రాసుకోండి. మీటరు మార్చినప్పుడు పాత అంకె కూడా అందులో రాయండి. ఒక సంగతి గుర్తుంచుకోండి. కేబులుతో తిరిగే మీటరు గడియారం కాదు, చుట్లను లెక్కపెడుతుంది. 1500 చుట్ల వేగానికి ఒక గంట చూపే మీటరు, 750 వేగంలో గంటసేపు నడిస్తే అరగంటే చూపుతుంది. కనుక అద్దె మీటరు గంటలకా, గడియారం గంటలకా అన్నది ముందే మాట్లాడుకోవడం ఇద్దరికీ మంచిది.

సహాయకులారా! చేతిలో పట్టుకునే వేగమాపకం ఒకటి దగ్గరుంచుకోండి. యంత్రం నడుస్తుండగా పి.టి.ఓ. 540 చూపినచోట చేతి యాక్సిలరేటరు పక్కన రంగుతో గీత పెట్టించండి. బరువు పడితే వేగం కొంత తగ్గుతుంది కనుక ఇది తాత్కాలిక ఉపాయమే. ట్రాక్టరు మరమ్మతు నేర్వదలచిన యువకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ సంగతి చెప్పండి.

నూర్పిడి మొదలుపెట్టే ముందు రోజే ముల్లు చూసుకోండి. కళ్లంలో కూలీలు నిలబడ్డాక చూస్తే ఆలస్యమవుతుంది.