సాధారణ మానసిక రుగ్మతలు, చికిత్స: తెలుగు నుడి పాత్ర – ఉత్తరాంధ్ర నేపథ్యం

వ్యాససంగ్రహం:
మనసు పడే బాధను చెప్పుకోవడానికి తెలుగులో విస్తారమైన పదసంపద ఉంది. అదే బాధ రుగ్మతగా ముదిరినప్పుడు మాత్రం సామాన్యునికి 'పిచ్చి' అనే ఒక్క మాటే మిగులుతోంది. ఈ రెండింటి నడుమ ఉన్న ఖాళీ చికిత్స ఆలస్యం కావడానికి ఒక ముఖ్య కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సాధారణ మానసిక రుగ్మతల లక్షణాలను, చికిత్సాపద్ధతులను, చట్టం కల్పించిన హక్కులను వివరిస్తూ, ఉన్నత విద్యాసంస్థల్లోని అధ్యాపకుల బాధ్యతను చర్చిస్తుంది.

కీలకపదాలు: కుంగుబాటు, ఆందోళన రుగ్మత, మాండలికం, మనోవైద్యం, అధ్యాపకుడు, ఉత్తరాంధ్ర.

1. ప్రవేశిక:
ఎచ్చెర్ల మండలంలో డా. బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం, రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉన్నాయి. ఈ చదువుల నెలవుకు వచ్చే విద్యార్థుల్లో తమ ఇంట తొలితరం చదువరులు తక్కువ కాదు. తీరగ్రామాల నుంచి, ఉద్దానం నుంచి, మన్యం నుంచి వచ్చే వీరి వెనుక వలసలు, కిడ్నీవ్యాధులు, 2018 అక్టోబరునాటి తిత్లీ తుపాను వంటి అనుభవాలున్నాయి. హాజరు తగ్గిన విద్యార్థి సోమరి అనీ, మాట తగ్గించినవాడు గర్విష్ఠి అనీ తీర్మానించే ముందు వేరొక కారణం ఉండవచ్చునని తెలియడం అధ్యాపకునికి అవసరం.

జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ (నిమ్హాన్స్) 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిపిన సర్వే ప్రకారం పెద్దవారిలో 10.6 శాతం మంది అప్పటికి ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా అది తేల్చింది. ఆ 12 రాష్ట్రాల్లో తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. అయినా ఆ అంతరం మనకు వర్తించదని అనుకోవడానికి ఆధారమేదీ లేదు.

2. బాధకు ఉన్న మాటలు:
బెంగ, దిగులు, గుబులు, వ్యాకులత – ఇవి పర్యాయపదాలుగా కనిపించినా అర్థచ్ఛాయలు వేరు. బెంగకు సాధారణంగా ఒక కారణం ఉంటుంది. దూరమైన మనిషో, పోయిన వస్తువో దానికి ఆలంబనం. దిగులుకు కారణం ఉండనూవచ్చు, ఉండకపోనూవచ్చు. గుబులు రాబోయేదాన్ని గురించిన భయం. వైద్యశాస్త్రం కుంగుబాటునూ ఆందోళననూ విడదీసే తీరుకు ఈ భేదం కొంత దగ్గరగా ఉంది.

రెండో వర్గం మాటలు శరీరానికి సంబంధించినవి. 'గుండె దడగా ఉంది', 'తల దిమ్ముగా ఉంది', 'ఒళ్లంతా నీరసం', 'తిండి సయించడం లేదు' అని చెప్పుకుంటూ రోగి సాధారణ వైద్యుని దగ్గరికి వెళ్తాడు. పరీక్షల్లో ఏదీ తేలకపోతే 'నీకేమీ లేదు' అన్న మాటతో తిరిగి వస్తాడు. ఉన్న బాధకు పేరు దొరకదు.

మూడో వర్గం మాటలు బాధకు కారణాన్ని వెలుపల చూపుతాయి: గాలి సోకడం, జడుసుకోవడం, చిల్లంగి. వీటిని మూఢనమ్మకాలని కొట్టివేయడం సులభం. కాని ఇవి రోగిని నిందనుంచి తప్పించి, కుటుంబాన్ని అతని చుట్టూ చేర్చే పని కూడా చేస్తాయి. ప్రమాదం వేరొకచోట ఉంది: చిల్లంగి అన్న మాట మరొక మనిషిని దోషిగా నిలబెడుతుంది, చికిత్సకు దక్కవలసిన నెలలు గడిచిపోతాయి.

ఇక 'పిచ్చి' అన్నమాట. హైదరాబాదు ప్రాంతంలో ఎర్రగడ్డ ఎలాగో, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్న చినవాల్తేరు ఉత్తరాంధ్రలో అలాగే పరిహాసపదమైంది. ఆసుపత్రి పేరే ఎగతాళి అయినచోట, దిగులుతో ఉన్నవాడు ఆ గడప తొక్కడానికి జంకుతాడు.

పత్రికాభాష మరొక చిక్కు తెచ్చింది. 'ఆందోళన' అనగానే ధర్నాలు, నిరసనలు స్ఫురిస్తాయి. అదే మాటను రోగనామంగా వాడితే కరపత్రం చదివినవారికి అర్థం సూటిగా అందదు.

3. రుగ్మతల స్వరూపం:
3.1 కుంగుబాటు: ఆత్మీయులు పోయినప్పుడు కలిగే దుఃఖం రోగం కాదు. కనీసం రెండు వారాలపాటు, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువభాగం దిగులు గాని, ఇష్టమైన పనులపై అనాసక్తి గాని ఉండి, వాటితోపాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతినడం, అలసట, తాను ఎందుకూ పనికిరాననే భావం, మరణచింత వంటివి కొన్ని చేరి, నిత్యజీవితం కుంటుపడితే అది కుంగుబాటు. కొందరిలో దిగులుకంటే చిరాకే పైకి కనిపిస్తుంది.

3.2 ఆందోళన రుగ్మతలు: ప్రతి చిన్న విషయానికీ నెలల తరబడి అదుపులేని చింత ఒక రకం. హఠాత్తుగా గుండె దడ, ఊపిరాడకపోవడం, ప్రాణం పోతుందన్న భయం కలిగి కొద్ది నిమిషాల్లో పతాకస్థాయికి చేరడం మరొక రకం. నలుగురిలో మాట్లాడాలంటే కలిగే తీవ్రభయం ఇంకొకటి. సెమినార్లకు ముఖం చాటేసే పరిశోధకుల్లో కొందరిది ఇదే కావచ్చు.

3.3 అనివార్య ఆలోచనలు, చేష్టలు: వద్దనుకున్నా పదేపదే వచ్చే ఆలోచన, దాన్ని అణచడానికి పదేపదే చేసే పని. మన వాడుకలో దీన్ని 'చాదస్తం' అంటారు. చాదస్తుడు తన పద్ధతి సరైనదని నమ్ముతాడు. ఈ రుగ్మత గలవారిలో చాలామంది అది అర్థరహితమని తెలిసీ మానలేక నలుగుతారు.

స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి తీవ్రరుగ్మతలు వేరు. వాటికి మనోవైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి.

స్వభావానికీ రుగ్మతకూ మధ్య గీతను సాహిత్య విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తించాలి. శ్రీకాకుళంలో జన్మించిన రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్య పిరికితనాన్ని, ఆత్మన్యూనతను చిత్రించారు. సుబ్బయ్యకు రోగనామం తగిలిస్తే నవలలోని సామాజిక విమర్శ మరుగున పడుతుంది. పాత్రకు రోగం అంటగట్టడం ఎంత తొందరపాటో, ఎదుట ఉన్న విద్యార్థి రోగాన్ని స్వభావమనుకోవడం అంతకంటే పెద్ద తొందరపాటు.

4. చికిత్స:
స్వల్ప, మధ్యస్థాయి కుంగుబాటుకు మాటలతో చేసే చికిత్స చాలామందికి ఉపకరిస్తుంది. ఆలోచనకు, అనుభూతికి, ప్రవర్తనకు నడుమ ఉన్న ముడిని పరిశీలించి మార్చే విధానానికి 1960లలో ఆరన్ బెక్ బాటలు వేశాడు. అనివార్య చేష్టలకు, భయపెట్టే సందర్భాన్ని క్రమంగా ఎదుర్కొంటూ చేష్టను ఆపుకొనే అభ్యాసం ఫలితమిస్తుంది.

మందుల్లో సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్, ఫ్లూఆక్సెటిన్ వంటివి తరచుగా వాడతారు. ఇవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. 'వారం వాడాను, గుణం కనిపించలేదు' అని మానడం ఒక పొరపాటు. తేరుకోగానే మానడం మరొకటి. సాధారణంగా కోలుకున్నాక కనీసం ఆరు నెలలు కొనసాగించి, వైద్యుని సలహాపై క్రమంగా తగ్గించాలి. ఇవి వ్యసనం కలిగించే మత్తుమందులు కావు. అల్ప్రజోలం వంటి నిద్రమాత్రల విషయం వేరు. వాటికి శరీరం అలవాటు పడుతుంది. మందుల దుకాణంలో సొంతంగా కొనుక్కొనేవి తరచు ఈ రెండోరకమే కావడం విచారకరం.

నిపుణులు తక్కువగా ఉన్నచోట ఏం చేయాలన్నదానికి పశ్చిమగోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ చేపట్టిన 'స్మార్ట్' కార్యక్రమం ఒక సమాధానం. ఆశా కార్యకర్తలు ట్యాబ్ సాయంతో ఇంటింటా బాధితులను గుర్తించి, ప్రాథమిక ఆరోగ్యకేంద్ర వైద్యుల వద్దకు పంపారు. అపోహలు తొలగించడానికి నాటకాన్నీ వాడుకున్నారు. బాధితుల్లో మానసిక వైద్యసేవలు పొందినవారు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగినట్లు తొలిదశ ఫలితాల్లో తేలింది.

5. చట్టం, విద్యాసంస్థ:
2018 మే 29న అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం–2017 చికిత్సను పౌరుని హక్కుగా గుర్తించింది. రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. 2001లో తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో బంధించిన రోగులు అగ్నికి ఆహుతైన ఘటనను గుర్తుచేసుకుంటే ఈ నిషేధం విలువ తెలుస్తుంది. ఆత్మహత్యాయత్నం చేసినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారని భావించి సంరక్షణ ఇవ్వాలని 115వ సెక్షను చెబుతుంది.

విశాఖపట్నంలో నీట్ శిక్షణకు వచ్చిన ఒక విద్యార్థిని 2023లో మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న విద్యాసంస్థలకు మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హతగల సలహాదారు ఉండాలని, సిబ్బందికి ఏటా రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని, సహాయవాణి నంబర్లు కనబడేలా ప్రదర్శించాలని ఆదేశించింది.

అధ్యాపకుడు వైద్యుడు కానక్కరలేదు. మార్పును గమనించడం, ఏకాంతంగా పలకరించడం, తీర్పు చెప్పకుండా వినడం, తగినచోటికి పంపడం అతని పని. 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని నేరుగా అడిగితే ఆ ఆలోచన పుట్టించినట్లవుతుందన్నది అపోహ. అడగడం ఎదుటివారికి ఊరటనిస్తుంది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సహాయవాణి 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

6. ముగింపు:
- కుంగుబాటు, ఆందోళన రుగ్మతలు స్వభావదోషాలు కావు. చికిత్సకు లొంగే వ్యాధులు.
- బెంగ, దిగులు, గుబులు వంటి వాడుకపదాలను తోసిపుచ్చక, వాటినుంచే వైద్యపరిభాషను నిర్మించుకోవాలి. రోగి చెప్పే మాట వైద్యుని చెవికి, వైద్యుడు చెప్పే మాట రోగి మనసుకు అందాలి.
- శ్రీకాకుళం, విజయనగరం మాండలికాల్లో మనోవ్యథను తెలిపే పదాలను సేకరించి, అర్థచ్ఛాయలతో నిఘంటువుగా కూర్చడం తెలుగు శాఖలు చేపట్టదగిన పరిశోధన. ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలోని వైద్యునికీ, ఆశా కార్యకర్తకూ అది పనిముట్టు అవుతుంది.

'పిచ్చి'కీ 'ఏమీ లేదు'కీ మధ్య చెప్పుకోదగిన మాట ఒకటి దొరికితే, దారి దొరికినట్టే. ఆ మాటను వెదికి అందించడం భాషాధ్యయనం చేసేవారి వంతు.