మీకు తెలుసా? ఊళ్లోకి పోకుండానే ఇందూరు

విహార నౌక రేవులో ఆగితే అందులోవాళ్లంతా ఊరు చూడ్డానికి పరుగెత్తరు. ఉన్నది ఒక పూట, ఊరు పెద్దది, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఓడ ఆగదు. అందుకే చాలామంది రేవు చుట్టుపక్కల చూసుకుని వచ్చేస్తారు. 2023లో క్రూజ్ టెర్మినల్ తెరిచిన విశాఖలోనూ అంతే. పోర్టు పక్కనే మూడు కొండలు, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకన్న గుడి. వాటితోనే పూట గడిచిపోతుంది.

ఇందూరు, అంటే నిజామాబాద్‌కు సముద్రం లేదు గానీ జంక్షన్ ఉంది. సికింద్రాబాద్-మన్మాడ్ లైనులో ఇక్కడ దిగి పెద్దపల్లి బండి కోసమో, బోధన్ బస్సు కోసమో కాచుకునేవాళ్లకు ఇదీ రేవే. ఊళ్లోని ఖిల్లా, కంఠేశ్వర్, గాంధీచౌక్ ఈసారికి వదిలేయండి. నన్నడిగితే ఈ జిల్లాలో కథలున్న చోట్లన్నీ, ఎవరూ దిగని చిన్న స్టేషన్ల దగ్గరే ఉన్నాయి.

డిచ్‌పల్లికి పేరు తెచ్చింది గుడి ఒక్కటే కాదని తెలుసా?

హైదరాబాద్ నుంచి వస్తుంటే నిజామాబాద్‌కు ముందే వస్తుంది డిచ్‌పల్లి. దిగే కొద్దిమందీ ఖిల్లా రామాలయం కోసం దిగుతారు. గుట్ట మీద గుడి, గోడల నిండా శిల్పాలు, కింద చెరువు మధ్యలో మండపం. శిల్పాల్లో శృంగారం పాలు కాస్త ఎక్కువ కాబట్టి ఇందూరు ఖజురహో అన్న పేరు కూడా తగిలించారు. ఖజురహో పోలిక లేకపోయినా ఈ గుడికి వచ్చిన లోటేమీ లేదు.

అసలు విశేషం ఇక్కడి విక్టోరియా ఆస్పత్రి. కుష్ఠు సోకినవాళ్లను ఇంటివాళ్లే ఊరి బయటికి పంపేసే రోజుల్లో, స్కాట్లండ్ డాక్టరు ఇజబెల్ కెర్, మెథడిస్టు మిషనరీ అయిన ఆమె భర్త జార్జ్ కెర్ నిజామాబాద్ వచ్చారు. ఆమె దగ్గరికి ఈ రోగులు రావడం మొదలైంది. ఉంచడానికి చోటు లేదు, పంపేయడానికి మనసు రాదు. అప్పుడు రాజా నర్సాగౌడ్ డబ్బిచ్చారు. ఇచ్చినాయన హిందువు, కట్టింది క్రైస్తవ మిషన్, రాజ్యం నిజాంది. 1915లో డిచ్‌పల్లిలో ఆస్పత్రి తెరుచుకుంది.

అప్పటికి ఈ రోగానికి మందంటూ ఉన్నది చాల్‌మూగ్రా గింజల నూనె. తాగితే కడుపులో తిప్పేది, అందుకని సూదితో ఎక్కించేవారు. నూనె చిక్కన, సూది లావు, గుచ్చినచోట వాపు. అది భరించడానికి సిద్ధపడి దూరాల నుంచి జనం వచ్చారంటే బయట వాళ్లు పడ్డ అవమానం ఎంతటిదో ఊహించుకోవచ్చు. ఇజబెల్ కెర్‌కు 1923లో కైసరే హింద్ పతకం ఇచ్చారు. ఇప్పుడు అదే రోగానికి 6 నెలలో 12 నెలలో మాత్రలు మింగితే చాలు, మాత్రలు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం.

చెరకు కన్నా ముందు చెరువు వచ్చిందని?

బోధన్ అనగానే చక్కెర అంటాం గానీ, ముందు వచ్చింది నీళ్లు. మంజీర మీద అచ్చంపేట, బంజేపల్లి దగ్గర నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. కట్టించిన ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. తెలంగాణలో ఏటా జులై 11న ఇంజినీర్స్ డే జరిపేది ఈయన పుట్టినరోజునే. కాలువ నీళ్లు వచ్చాక కోస్తా జిల్లాల రైతులు వర్ని, కోటగిరి, రుద్రూర్ వైపు వచ్చి భూములు కొనుక్కుని దిగారు. వాళ్లు కట్టుకున్న ఊళ్లను ఈనాటికీ క్యాంపులనే పిలుస్తారు.

ఆ కాలువ నీళ్లతోనే నిండే అలీసాగర్, బోధన్ దారిలో నిజామాబాద్ బయటే ఉంది. గుట్టల మధ్య జలాశయం, ఎత్తు మీద నిజాం కాలపు వేసవి బంగ్లా, చుట్టూ తోట. ఆదివారాలు రద్దీ. మామూలు రోజుల్లో అయితే టిఫిన్ డబ్బా తెచ్చుకుని కూర్చోవచ్చు.

షక్కర్‌నగర్ గేటు ఎప్పుడు మూతపడింది?

1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. దాని చుట్టూ లేచిన పేట షక్కర్‌నగర్. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా దీని పేరు చెప్పుకునేవారు. ఫ్యాక్టరీకి సొంత చెరకు ఫారాలు, క్వార్టర్లు. క్రషింగ్ మొదలైతే రోడ్డు పొడవునా చెరకు బండ్లు, గాలి నిండా మడ్డి వాసన. వంతు కోసం బండి కిందే పడుకున్న రాత్రుల గురించి పెద్ద రైతులను కదిలిస్తే చాలు, గంట మాట్లాడతారు. 2002లో ఫ్యాక్టరీలో ఎక్కువ వాటా ప్రైవేటుకు వెళ్లింది. 2015 డిసెంబరులో బోధన్‌తో పాటు మెదక్ వైపు ముంబోజిపల్లి, జగిత్యాల వైపు మెట్‌పల్లి యూనిట్లనూ ఒకేసారి మూసేశారు. రైతుల్లో చాలామంది వరికి మళ్లారు. సారంగాపూర్ సహకార చక్కెర ఫ్యాక్టరీ అంతకుముందే మూతపడింది. రెండు ఫ్యాక్టరీలు తెరవాలన్న మాట ప్రతి ఎన్నికలోనూ వినిపిస్తుంది. పర్యాటకులకు ఇక్కడ చూపించేదేమీ లేదు, గేటు బయటి నుంచే చూడాలి. అయినా ఈ ప్రాంతం అర్థం కావాలంటే ఒకసారి చూసి తీరాలి.

బోధన్ ఒకప్పుడు రాజధాని అని?

బుద్ధుడి నాటి 16 మహాజనపదాల్లో వింధ్యకు దక్షిణాన ఉన్నది అశ్మకం ఒక్కటే. దాని రాజధాని పోదన నగరం ఈ బోధనేనని చరిత్రకారులు గుర్తిస్తారు. బౌద్ధుల సుత్తనిపాతంలో బావరి అనే బ్రాహ్మణుడు గోదావరి ఒడ్డున, అశ్మక దేశంలోనే ఉంటాడు. తన సందేహాలు తీర్చుకోవడానికి 16 మంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపుతాడు. తర్వాత వేములవాడ చాళుక్యుల తొలి రాజధాని కూడా ఇదే. జైనుల పురాణాల్లో బాహుబలి ఏలిన పోదనపురం సరేసరి. భీముడు బకాసురుణ్ని చంపిన ఏకచక్రపురం తమదేనంటారు స్థానికులు, అలా చెప్పుకునే ఊళ్లు దేశంలో ఇంకా ఉన్నాయిలెండి. బస్టాండులో దిగి దేవల్ మసీదు చూడండి. గుడిగా కట్టి, తుగ్లక్‌ల కాలంలో మసీదుగా మారిన నక్షత్రాకారపు రాతి కట్టడం. లోపలి స్తంభాల దగ్గర ఆగితే, నునుపు దేరిన రాతి మీద సన్నటి చెక్కడం చేతికి తగులుతుంది.

మరికొన్ని

జానకంపేట స్టేషన్ నుంచే బోధన్ లైను చీలుతుంది. ఊళ్లో లక్ష్మీనరసింహస్వామి గుడి దగ్గర ఎనిమిది మూలల కోనేరు ఉంది. బాసర దారిలోనే అశోక్‌సాగర్, చెరువు, రాళ్ల మధ్య సరస్వతి విగ్రహం. పిల్లలుంటే ఇదే మంచిది.

మహారాష్ట్ర నుంచి వచ్చే గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది రెంజల్ మండలం కందకుర్తి దగ్గర. మంజీర, హరిద్ర అక్కడే కలుస్తాయి. నీళ్లు తగ్గినప్పుడు నది మధ్యలో పాత శివాలయం పైకి తేలుతుంది, కాబట్టి వేసవిలో వెళ్లండి.

బాసర వెళ్లే బండిలో కూర్చుంటే స్టేషన్ రాకముందే గోదావరి బ్రిడ్జి వస్తుంది, చిల్లర ముందే తీసి పెట్టుకోండి. ఇంకాస్త ముందుకు పోతే ధర్మాబాద్. అది నాందేడ్ జిల్లా, అయినా బజారులో తెలుగు మాట్లాడితే చెల్లుతుంది.

మిగతా తిరుగుడంతా బస్సుల మీదే అవుతుంది, నిజామాబాద్ స్టేషన్ నుంచి బస్టాండుకు నడిచిపోవచ్చు. తెలంగాణ ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్. ఆధార్ మాత్రం మరిచిపోకండి, కండక్టరు అడుగుతాడు.

ఇక భోజనం. ఆర్మూర్ రోడ్డు మీది అంకాపూర్ విత్తనాలకూ పసుపుకూ ఎంత పేరో, నాటుకోడికీ అంత పేరు. ప్లేటు లెక్కన కాదు, కోడి లెక్కన అమ్ముతారు. ఆర్డరిచ్చాకే కోసి, కాల్చి, కట్టెల పొయ్యి మీద వండుతారు, అన్నం కూడా వాళ్లే ఇస్తారు. హైదరాబాద్‌కు పార్సిళ్లు కట్టించుకుపోయేవాళ్లున్నారు. ఆకలేశాక ఫోన్ చేస్తే లాభం లేదు, నిజామాబాద్‌లో బస్సెక్కే ముందే చెయ్యాలి.