రక్తనాళం రాయైతే...

వేంపల్లె పేరు చెబితే భూగర్భ శాస్త్రవేత్తలకు రాయి గుర్తొస్తుంది. కడప జిల్లాలోని వంద కోట్ల ఏళ్లకు పైబడిన డోలమైట్ శిలలకు ఆ ఊరి పేరే పెట్టారు మరి! ఆ రాయిలో కాల్షియం దండిగా ఉంటుంది. మన ఎముకకు బలమూ కాల్షియమే. అదే రక్తనాళాల గోడల్లో పేరుకుంటే మాత్రం ముప్పే. సాగి ముడుచుకోవాల్సిన నాళం బిరుసెక్కి, గుండెకు భారం పెరుగుతుంది. వయసు మళ్లినవారికీ, మధుమేహం, కిడ్నీ జబ్బు ఉన్నవారికీ ఈ ప్రమాదం ఎక్కువ.

దీనికీ కొండరాళ్లకూ సంబంధం లేదు. కొవ్వుకు మాత్రం ఉంది!

కొవ్వు నాళానికి అడ్డుపడుతుందనే మనకు తెలుసు. కానీ కథ గోడ లోపలా నడుస్తుంది. అక్కడి కండర కణాల్లో పామిటిక్ ఆమ్లం కొంత స్టియరిక్ ఆమ్లంగా మారుతుంది. ఎస్‌సీడీ అనే ఎంజైమ్ దాన్ని ఒలియిక్ ఆమ్లంగా మారుస్తుంది. వేరుశనగ నూనెలో ఎక్కువగా ఉండేది ఇదే. ఎంజైమ్ చతికిలబడితే స్టియరిక్ పేరుకుని కణం ఒత్తిడికి లోనవుతుంది. కండరం పని మరిచి ఎముక కణంలా ప్రవర్తిస్తుంది. కాల్షియం, ఫాస్ఫేట్ అక్కడే గట్టిపడతాయి. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకల్లో దీన్ని గుర్తించి 2015లో వెల్లడించారు.

అలాగని వేరుశనగ నూనె గుమ్మరించుకుంటే నాళాలు మెత్తబడవు. డాక్టర్ రాసిన కాల్షియం మాత్రలు సొంతంగా మానేయడమూ తప్పే. పేరుకున్న కాల్షియాన్ని కరిగిస్తుందని రుజువైన మందు ఇంకా లేదు. బీపీ, షుగర్ అదుపులో పెట్టుకోవడం, పొగ మానడం, కిడ్నీ పరీక్షలు చేయించుకోవడం మాత్రం మన చేతుల్లోనే ఉన్నాయి.

రాయి కొండలో ఉంటేనే అందం!