కూటి వేళకు రాని కీర్తి

అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో 1949లో జన్మించిన బ్లేజ్ ఫోలీ, అక్కడి పల్లెల బాణీ అయిన ‘కంట్రీ’ సంగీతంలో వాగ్గేయకారుడు. టెక్సాస్‌లోని ఆస్టిన్ నగర పానశాలలే ఆతని గానసభలు. బూట్లకు వెండి తొడుగులు వేసుకొనే షోకిలాలను వెక్కిరిస్తూ తన బూట్లకు వెండిరంగు అంటుపట్టీ చుట్టుకొని తిరిగిన నిరుపేద ఆతడు. ఎగిరి ఇల్లు చేరాలని తపించే ఆతని గీతాన్ని సుప్రసిద్ధ గాయకులు మెర్ల్ హాగర్డ్, విల్లీ నెల్సన్ 1987లో కలిసి పాడారు. 1989 ఫిబ్రవరి 1న ఫోలీ తుపాకి గుండుకు బలియయ్యాడు. నలభై యేండ్లైనా నిండలేదు. 2000లో హాగర్డ్ తన ఆల్బమ్‌కు ఆ పాట పేరే పెట్టాడు. 2018లో ఈథన్ హాక్ ఫోలీ జీవితాన్ని చలనచిత్రంగా తీశాడు. కీర్తి వచ్చింది, కాని కూటి వేళకు రాలేదు. పాట కట్టినవానికి దక్కని ఆయుష్షు పాటకు దక్కింది.