అంతర్జాలపు వాకిటికి కావలి

కైకలూరు ప్రాంతమున చేపల చెరువుకు కావలివాడు లేకుండుట అరుదు. అట్టి చెరువు యజమానియే తన వెబ్‌సైటుకు ఊరిపేరును జన్మసంవత్సరమును కలిపిన పాస్‌వర్డు నుంచి, "మా చిన్న వర్తకమునకు దొంగ యేల వచ్చును?" అని నిశ్చింతుడై యుండవచ్చును. ఏలూరు తివాచీల వర్తకునకును, తాడేపల్లిగూడెము ఉల్లి వర్తకునకును ఈ తలంపు కలుగుట సహజము. కాని యిది నిరాధారమని మేము విన్నవించుచున్నాము.

ఈ దొంగ మనుష్యుడు కాడు, యంత్రము. చిన్న పెద్ద యను భేదము దానికి లేదు. జనులు తరచుగా వాడు పాస్‌వర్డుల పట్టికను చేబట్టి, కనబడిన ప్రతి లాగిన్ వాకిటను ఒక్కొక్కటిగా తగిలించి చూచును. 2009లో రాక్‌యూ సంస్థనుండి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు బయటబడగా, వానిలో మిక్కిలిగా కనబడినది 123456. 2013 ఏప్రిల్‌లో వర్డ్‌ప్రెస్ సైట్లపై 90,000కు మించిన చిరునామాల నుండి దాడి జరిగెను. 'అడ్మిన్' అను పేరే దానికి ముఖ్యలక్ష్యము. 2016లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము సుమారు 60 జతల పేర్లు, పాస్‌వర్డులతోనే లక్షలాది కెమెరాలను, రికార్డర్లను వశపరచుకొనెను. అట్లు వశమైన యంత్రములతో ఆ యేటి అక్టోబరు 21న డిన్ సంస్థపై దాడి జరుగగా, ట్విట్టరు వంటి ప్రసిద్ధ సైట్లు గంటల తరబడి పెక్కుమందికి అందకపోయెను.

ఆ కెమెరాల యజమానులలో ననేకులకు తమ సొత్తు దొంగల స్థావరమైన సంగతియే తెలియదు. ఒకని గట్టు తెగినచో మునుగునది పొరుగువాని చేను గదా! కావున ఈ కావలి స్వార్థము మాత్రమే కాదు, పౌరధర్మము.

ఉపాయములు కష్టసాధ్యములు కావు. ఆరు చిన్న ఆంగ్లాక్షరములతో కూడు పాస్‌వర్డులు 31 కోట్లకు లోపు. పన్నెండైనచో 950 కోట్ల కోట్లకు మించును. అయితే అక్షరములు అర్థరహితముగా నెన్నుకొనవలయును. ఒకచోటి పాస్‌వర్డు మరియొకచోట వాడరాదు. 'అడ్మిన్' పేరు మార్పవలయును. తప్పిన ప్రతి ప్రయత్నమునకు వేచియుండు కాలము పెరుగునట్లు చేయవలయును. శాశ్వతముగా మూసివేసినచో, దొంగయే తప్పులు కొట్టి యజమానిని బయట నిలుపగలడు. ఒక్క చిరునామాను అడ్డగించుటయు చాలదు. వేయి చిరునామాల నుండి వచ్చువానికి అది లెక్కలోనిది కాదు. అందుచే ఫోనులో క్షణక్షణము మారు సంఖ్యను రెండవ తాళముగా నుంచుట మేలు. సాఫ్ట్‌వేరును ఎప్పటికప్పుడు నవీకరించుటయు, లాగిన్ ప్రయత్నముల చిట్టాను చూచుచుండుటయు మరువరాదు.

2000 నాటి సమాచార సాంకేతిక చట్టపు 66వ సెక్షను ఇట్టి చొరబాటునకు మూడేండ్ల వరకు ఖైదు విధించుచున్నది. కాని చట్టము దొంగ వెనుక నడచును; తాళము దొంగకు ముందు నిలుచును. సైటు నిర్మించి యిచ్చినవానిని పాఠకులు నేడే యొక ప్రశ్న యడుగుదురు గాక: పదిమారులు తప్పు పాస్‌వర్డు కొట్టినవానిని పదునొకండవమారు మన వాకిలి యేమి చేయును?