సగటు దాచెడి సంగతి

ఒక వీధిలో ఐదు కుటుంబము లున్నవనుకొందము. వారి దినసరి రాబడి వరుసగా 150, 300, 450, 600, 1,500 రూపాయలు. సగటు 600. అయినను సరిగా ఆ 600 పొందు కుటుంబ మొక్కటియే. మూడు కుటుంబములు దానికి దిగువనున్నవి. సగటు అబద్ధమాడలేదు గాని, అడుగవలసిన ప్రశ్నకు బదులు చెప్పలేదు.

ఈ కొరత తీర్చుటకు మాక్స్ లోరెంజ్ అను అమెరికా దేశీయుడు 1905లో ఒక వక్రరేఖను గీసి చూపెను. జనులను బీదలు మొదలు ధనికుల వరకు వరుసగా నిలిపి, మొత్తము రాబడిలో వారి వంతును నూటికింతయని కూడుకొనుచు పోవలెను. మన వీధిలో ఆ లెక్క 5, 15, 30, 50, 100. అందరికి సమముగా వచ్చియుండిన 20, 40, 60, 80, 100 అయి, గీత సూటిగా నుండెడిది. తేడా హెచ్చినకొలది గీత విల్లువలె క్రిందికి వంగును. సూటిగీతకును వంపునకును నడుమ చిక్కిన వైశాల్యమును, సూటిగీత క్రింది వైశాల్యముచే భాగించిన వచ్చునదే జీనీ సూచిక. ఇటలీ దేశపు గణాంకవేత్త కొర్రాడో జీనీ 1912లో ఈ కొలతను వెలువరించెను. పూర్ణ సమత్వమునకు సున్న; మన వీధికి 0.40. గణితాభిరుచిగల విద్యార్థులు గళ్లకాగితముపై గీసి సరిచూచుకొనవచ్చును.

ఇక మరియొక వీధి. అందు రెండు కుటుంబములకు రాబడియే లేదు. తక్కిన మూడింటికి తలకొక 1,000 రూపాయలు. సగటు మరల 600. సూచిక మరల 0.40! మొదటి వీధిలో అట్టడుగువానికి గంజియైనను దొరకును. రెండవదానిలో రెండిండ్ల పొయ్యిలో పిల్లి లేవదు. కావున ఒక్క సంఖ్యను చూచి సమాజమును తెలిసికొంటిమనుట తొందరపాటు.

పెరిగిన జాతీయాదాయ మెవరికి చేరినదో విచారించుటకు భారత ప్రభుత్వము 1960లో మహాలనోబిస్ అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. మన దేశమున చిరకాలముగా సర్వేలలో ముఖ్యముగా కొలుచుచున్నది రాబడిని గాదు, ఖర్చును. 2023-24 గృహవినియోగ సర్వే ప్రకారము సూచిక గ్రామములలో 0.237, పట్టణములలో 0.284. ఇవి చిన్న సంఖ్యలే. కాని పదిరెట్లు గడించువాడు పదిరెట్లు తినడు గదా! మిగిలినది బ్యాంకునకో భూమికో పోవును; అది ఖర్చులోనికి రాదు. బీదవాడు బియ్యమునకై చేసిన అప్పు మాత్రము, తిన్న తిండి రూపమున, ఆ లెక్కలో అతని కలిమిగానే కనబడును.